గీత కొట్టిన నంబర్లు

మా పెదనాన్న ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో కానిస్టేబుల్‌గా చేరి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. ఇప్పుడు చాలా విషయాలు మర్చిపోతున్నారు గానీ, ఉద్యోగంలో చేరిన కొత్తలో తన చేతికిచ్చిన త్రీనాట్‌త్రీ (.303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్) బట్ నంబరు, అంటే భుజానికి ఆనించే చెక్క మీది నంబరు, మాత్రం ఠక్కున చెబుతారు. పొద్దున్నే బెల్ ఆఫ్ ఆర్మ్స్ అనే ఆయుధాల గది దగ్గర వరుసలో నిలబడి ఆ నంబరు చెబితేనే తుపాకీ ఇచ్చేవారు. సాయంత్రం పుల్‌త్రూ తాడుతో గొట్టం తుడిచి, నూనె రాసి, అదే నంబరు చెప్పి అప్పగించాలి.

పోయినేడు డాలస్‌లో మా బావమరిది వాళ్లింటికి వెళ్లినప్పుడు, ఆ వీధిలోనే ఉండే ఒక పెద్దాయన తన దగ్గరున్న పాత సైనిక రైఫిళ్లు చూపించారు. ఆయన రిటైరైన మెకానిక్. గ్యారేజీలో బల్ల మీద దుప్పటి పరిచి ఒక రైఫిల్ పెట్టారు. చూడగానే గుర్తుపట్టాను, చిన్నప్పుడు పోలీస్ క్వార్టర్స్‌లో రోజూ చూసిందే. తూటాను గొట్టంలోకి తోసి వెనక నుంచి మూసే బోల్ట్ హ్యాండిల్ కింద, చేయి పట్టుకునే సన్నటి చోట, ఇనుప పట్టీ మీద ఒక కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. అనే మూడు అక్షరాలు, ఇషాపూర్ పేరు, 1942. జార్జి రాజు, చక్రవర్తి అని ఆ అక్షరాలకు అర్థం. కోల్‌కతా దగ్గర హుగ్లీ ఒడ్డున ఉన్న రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన తుపాకీ టెక్సస్‌లో ఒక గ్యారేజీకి చేరింది.

ఆయన టార్చ్ వేసి ఒక్కొక్కటీ చూపించారు. గొట్టం మీద ఉన్న సంవత్సరం 1942 కాదు, చాలా తర్వాతిది. అంటే పాత గొట్టం అరిగిపోయాక కొత్తది బిగించారు. బోల్ట్ హ్యాండిల్ వెనక వైపు ఒక నంబరు, దాని మీద అడ్డంగా ఒక గీత, పక్కనే ఇంకో నంబరు. రెండో నంబరు బాడీ మీది నంబరుతో సరిపోయింది. మ్యాగజీన్‌కు కాస్త ముందు, చెక్కకు అడ్డంగా ఒక స్క్రూ కనిపించింది. చెక్క చీలిపోకుండా ఇషాపూర్‌లో వేసే కట్టుదిట్టం అది. పాత తుపాకులు సేకరించే కలెక్టర్లు దాన్ని ‘ఇషాపూర్ స్క్రూ’ అనే పిలుస్తారు. ఇనుము మీద నీలి మెరుపు లేదు, దళసరిగా నల్ల రంగు పూశారు. “చాలామంది దీన్ని ఒరిజినల్ కాదంటారు, అందుకే చవగ్గా వచ్చింది” అన్నారాయన.

ఆ మాటతో నాకు పేచీ ఉంది.

సైన్యం వాడి, వర్క్‌షాపులో విప్పి, అరిగిన భాగాలు మార్చి, మళ్లీ పరీక్షించి గోదాముకు పంపిన తుపాకీని కలెక్టర్లు రీఫర్బ్ అంటారు. మార్కెట్‌లో దానికి ఎప్పుడూ రెండో స్థానమే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉన్న తుపాకీకి మాత్రం ఎంతైనా ఇస్తారు. కానీ అలా ఉందంటే చాలాసార్లు అర్థం, అది ఎవరి చేతుల్లోనూ పెద్దగా పనిచేయలేదని. యుద్ధానికి వెళ్లి, వర్షంలో తడిసి, వేల తూటాలు పేల్చి వెనక్కి వచ్చిన తుపాకీ మీద వర్క్‌షాపు గుర్తులు ఉండి తీరతాయి. దాని సర్వీసు రికార్డు ఆ గుర్తులే.

గీత కొట్టిన ఆ నంబరే తీసుకోండి. లీ-ఎన్‌ఫీల్డ్ బోల్ట్ లాక్ అయ్యేది వెనక భాగంలో. దాని లగ్గులు, అంటే పట్టి ఉంచే ముక్కులు, రెండూ బాడీకి సమానంగా ఆనాలి, తూటా అడుగుకీ బోల్ట్ ముఖానికీ మధ్య ఖాళీ లెక్కకు మించకూడదు. మించితే పేల్చినప్పుడు తూటా ఇత్తడి కేసు చీలిపోవచ్చు. అందుకే ఒక తుపాకీ బోల్ట్‌ను ఇంకో తుపాకీలో ఊరికే పెట్టరు. తుపాకులు బాగుచేసే ఆర్మరర్ గేజ్ పెట్టి కొలిచి, సరిపోయిందని నమ్మకం కుదిరాకే పాత నంబరు కొట్టేసి కొత్తది ముద్రిస్తాడు. ఒక మనిషి పూచీ పడి చేసిన సంతకం లాంటిది ఆ గీత. దాన్ని లోపంగా చూడటం నాకు మింగుడుపడదు.

అలాగని ప్రతి గీతనూ నమ్మేయకూడదు. ధర పెంచుకోవడానికి విడి బోల్ట్ తెచ్చి నంబరు కొట్టి ‘మ్యాచింగ్’ (నంబర్లన్నీ సరిపోయాయి) అని అమ్మేవాళ్లూ ఉన్నారు. కాబట్టి అంకెల తీరు చూడాలి. వర్క్‌షాపు ముద్ర నల్ల రంగు కింద ఉంటే, ముందు ముద్ర పడింది, తర్వాత రంగు వేశారు. రంగును చీల్చుకుని లోపలి తెల్ల ఇనుము మెరుస్తుంటే, ఆ ముద్ర వయసు తక్కువ. అంకెల అంచులు అరిగాయా, కొత్తగా కోసుకునేట్టు ఉన్నాయా అని వేలితో తడిమి చూసినా తెలిసిపోతుంది.

ఇంగ్లండ్‌లో ఇదే పని ఇంకా పద్ధతిగా చేసేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫజాకర్లీ ఫ్యాక్టరీకి వచ్చిన నంబర్ 4 రైఫిళ్లను (లీ-ఎన్‌ఫీల్డ్‌లోనే తర్వాతి రకం) పూర్తిగా విప్పి బాగుచేసి, పక్కన ఎఫ్.టి.ఆర్. అని చెక్కేవారు. ఫ్యాక్టరీలో సమూలంగా మరమ్మతు చేశామని దాని అర్థం. మార్క్ 1గా పుట్టిన రైఫిల్ ట్రిగర్‌ను దాని చుట్టూ ఉండే ఇనుప గార్డు నుంచి తీసి బాడీకే తగిలిస్తే అది మార్క్ 1/2 అవుతుంది. పాత పేరు కొట్టేసి కొత్త పేరు కరెంటు పెన్సిల్‌తో రాసేవారు. ఇక అమెరికాకు అమ్ముడైన బ్రిటిష్ మిగులు తుపాకుల మీద బర్మింగ్‌హామ్ ప్రూఫ్ (పేల్చి పరీక్షించిన) ముద్రలు, ఇంగ్లండ్ అనే అక్షరాలు కూడా చేరాయి. ఒకే ఇనుప ముక్క మీద ముగ్గురు నలుగురి చేతిరాత కనిపిస్తుంది.

సోవియట్ సైన్యం వాడిన మోసిన్-నగాంత్ రైఫిళ్ల సంగతి వేరు, వాటిని లక్షల్లో బాగుచేశారు. తూలా ఫ్యాక్టరీదైతే నక్షత్రంలో బాణం, ఇజెవ్‌స్క్‌దైతే త్రికోణంలో బాణం. 1930ల మధ్య వరకు తయారైన వాటి రిసీవర్ (బాడీ) పలకలు పలకలుగా ఉంటుంది, తర్వాతివి గుండ్రం. యుద్ధం అయ్యాక వర్క్‌షాపుల్లో చెక్కకు ఎర్రగా మెరిసే షెల్లాక్ (లక్క) పూసి, గ్రీజులో ముంచి, పెట్టెల్లో పెట్టి దాచారు. తుపాకీ మీద ఏటవాలు గీత ఉన్న చతురస్రం ముద్ర కనిపిస్తే అది బాగుచేసిన తుపాకీ అన్నమాట. వీటిలో నాకు బాగా నచ్చేవి ఒకప్పటి స్నైపర్ రైఫిళ్లు. టెలిస్కోప్ మౌంట్ తీసేసి, ఆ రంధ్రాలను లోహంతో పూడ్చి, మామూలు సిపాయి తుపాకీగా మార్చారు. రిసీవర్ ఎడమ వైపు వెలుతురు ఏటవాలుగా పడితే ఆ గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి. కొందరు వాటిని కొని, పూడ్చిన రంధ్రాలు మళ్లీ తొలిచి, కొత్తగా చేసిన టెలిస్కోప్ బిగించి, స్నైపర్ అని అమ్ముతున్నారు. ఇది చాలా పెద్ద తప్పని నా అభిప్రాయం. ఆ తుపాకీ నిజంగా గడిపిన జీవితంలో సగాన్ని చెరిపేసి, మిగతా సగాన్ని నాటకంలా ఆడించడమే ఇది.

మన ఇషాపూర్‌కే వద్దాం, ఎందుకంటే అక్కడి పొరపాటు మనకు దగ్గరది. 1962లో చైనాతో యుద్ధానికి మన జవాన్లలో చాలామంది త్రీనాట్‌త్రీతోనే వెళ్లారు. ఆ తర్వాత ఇషాపూర్ అదే ఆకారంలో 7.62 ఎం.ఎం. తూటాకు రైఫిల్ తయారు చేసింది, 2ఎ అని, తర్వాత 2ఎ1 అని. పాత త్రీనాట్‌త్రీలకు గొట్టం మార్చి చేసినవని అమెరికాలో అమ్మేవాళ్లు చాలాకాలం చెప్పారు, ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. అది నిజం కాదు. ఎక్కువ ఒత్తిడి తట్టుకునే గట్టి ఉక్కుతో మన కార్మికులు కొత్తగా చేసినవి అవి. గుర్తుపట్టడం కూడా తేలికే: మ్యాగజీన్ మూలలు చతురస్రంగా ఉంటాయి, పది బదులు పన్నెండు తూటాలు పడతాయి, 2ఎ1 అయితే గురి చూసే వెనక సైట్ 800 మీటర్లతో ఆగిపోతుంది. కిరీటం ఉండదు, ఆర్.ఎఫ్.ఐ. (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) అనే అక్షరాలు ఉంటాయి. స్వతంత్ర దేశంలో మనవాళ్లు చేసిన పనిని ‘పాత సామాను మార్చారు’ అని రాస్తుంటే, దాన్ని సరిదిద్దే మనిషి మన వైపు నుంచి ఎందుకు లేడు?

ఇంకోటి ఉంది, చూడగానే మనసు చివుక్కుమంటుంది. త్రీనాట్‌త్రీ లాగే కనిపిస్తుంది గానీ గొట్టం లోపల గాడులు ఉండవు, మ్యాగజీన్ ఉండాల్సిన చోట చెక్క దిమ్మ ఉంటుంది. అది .410 మస్కెట్. ఒక్కో తూటా చేత్తో పెట్టుకోవాలి. పోలీసులు, కాపలాదారుల కోసం ఇషాపూర్‌లో ఇలా మార్చారు. దూరం పోదు, వరసగా పేలదు, ఒకవేళ జనం లాక్కున్నా సైన్యం తూటాలతో సరిగా పనిచేయదు. 1857 తర్వాత భారతీయ సిపాయిలకు తెల్ల సిపాయిల కన్నా ఒక తరం పాత తుపాకులే ఇచ్చిన పాలకుల భయం ఆ చెక్క దిమ్మలో కనిపిస్తుంది. ఆ భయానికి కారణాలు మన నేల మీదా ఉన్నాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద, మర్నాడు కృష్ణదేవిపేట మీద, ఆ మర్నాడు రాజవొమ్మంగి మీద పడి తుపాకులు పట్టుకెళ్లింది. ఏమేం తీసుకెళుతున్నామో స్టేషన్ రికార్డులో రాసి మరీ వెళ్లారు. పౌరులకు సైన్యం వాడే బోర్ (గొట్టం లోపలి కొలత) దక్కకూడదనే ఆలోచన నుంచే మన దగ్గర .315 రైఫిల్ వచ్చింది.

మన దేశంలో ఈ కలెక్షన్ హాబీ కుదరదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం త్రీనాట్‌త్రీ ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు పౌరులకు నిషేధించిన కొలత. 2019 సవరణ తర్వాత లైసెన్సు మీద కూడా ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. నాకు దీని మీద ఫిర్యాదు లేదు. ఇంటింటా రైఫిల్ ఉండాలని నేను కోరుకోను, డాలస్‌లో ఆ గ్యారేజీలో కూడా తలుపుకు రెండు తాళాలు చూశాకే కుదుటపడ్డాను. నా బాధల్లా ఇంకోటి. తుపాకులు మన దగ్గర ఉండకపోయినా, వాటి గురించిన జ్ఞానం ఉండొచ్చు కదా. ఇషాపూర్ ముద్రల గురించి తెలుసుకోవాలంటే ఈరోజు అమెరికాలోనో, ఇంగ్లండ్‌లోనో ఉన్న కలెక్టర్‌ను అడగాల్సి వస్తోంది.

2020 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీనాట్‌త్రీకి వీడ్కోలు పలికారు. మిగతా రాష్ట్రాల్లోనూ వాటి రోజులు అయిపోయినట్టే. తుక్కు చేస్తే చేయనివ్వండి, పనికిరాని ఆయుధాన్ని బయట తిరగనివ్వకపోవడమే మంచిది. కానీ కట్టర్ కిందికి వెళ్లే ముందు ఒక్కో తుపాకీకి నాలుగు ఫొటోలు తీయొచ్చు: చేతిపట్టు దగ్గరి ముద్ర, బోల్ట్ నంబరు, గొట్టం మీది సంవత్సరం, బట్ మీది బిళ్ల. ఫోన్ ఉన్న కానిస్టేబుల్‌కు ఒక్కోదానికి ఐదు నిమిషాల పని. గ్రెనేడ్లు పేల్చడానికి తీగ చుట్టి బలపరిచిన రైఫిల్, .410 మస్కెట్, డ్రిల్లుకే పరిమితమైన డి.పి. రైఫిల్ లాంటివి ఒక్కొక్కటి పేలకుండా చేసి జిల్లా పోలీసు మ్యూజియంలో పెట్టొచ్చు, గీత కొట్టిన నంబర్లు జనానికి కనిపించేలా, పాలిష్ పట్టకుండా.

వీటిని విప్పి బిగించిన ఆర్మరర్లలో చాలామంది ఇంకా మన మధ్యే ఉన్నారు. డాలస్ ఫొటోలు చూపించినప్పుడు పెదనాన్న కళ్లద్దాలు పైకి నెట్టి, బోల్ట్ బొమ్మ దగ్గర ఆగారు. “ఈ గీత సన్న ఉలితో కొట్టార్రా. మా ఆర్మరర్ కూడా ఇట్టాగే కొట్టేవాడు, రెండు దెబ్బలకి మించి వెయ్యడు” అన్నారు. ఆ ఆర్మరర్ పేరు, ఆయన ఊరు, ఎక్కడ పని నేర్చుకున్నాడో ఆ రాత్రి చాలాసేపు చెప్పారు. నేను నోట్‌బుక్ తెచ్చుకుని రాసుకున్నాను.