స్టార్టయింది కదా బాబూ

జబ్బు అనేది డాక్టరు దగ్గరికి వెళ్లాకే వస్తుంది. వెళ్లనంతకాలం అది ఒట్టి నలత. ఇంజన్లదీ ఇదే సంగతి. మూత తీసి చూసినవాడికే లీకు కనిపిస్తుంది, కనిపించాక ఖర్చు తప్పదు. కనక చూడకపోవడమే అసలైన మెయింటెనెన్స్ అని చిలిక సరస్సులో నాకు జ్ఞానోదయమైంది.

సంక్రాంతి సెలవులకి విజయనగరం నుంచి అక్కా బావా పిల్లలతో కార్లో వచ్చారు. బరంపురంలో చూపించడానికి ఏముంది, చిలిక ఒడ్డునున్న రంభ ఊరికి తీసుకెళ్లాను. బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ చూడాలని పిల్లల గోల. ఒడ్డున ఉన్న పడవకి కొత్త రంగు వేశారు. ఇంజన్‌కీ వేశారు, నట్లతో సహా. ఇప్పట్లో విప్పే ఉద్దేశం లేదన్నమాట.

మా బావ బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. చెయ్యి ఊరుకోదు. "ఆయిల్ చూశావా నాయనా?" అని సరంగుని అడిగాడు.

"పొద్దున్న స్టార్టయింది కదా బాబూ," అన్నాడతను, చక్కటి గంజాం తెలుగులో.

దీనికి ఎదురు చెప్పగలవాడు ఇంకా పుట్టలేదు. స్టార్టయిన ఇంజన్‌కి మళ్లీ పరీక్షలేమిటి? గేజు లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూడాలట. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టట. డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వంపెయ్యాలట. ఇవన్నీ పది నిమిషాల పనేనంటారు. పది నిమిషాల్లో ఎన్ని వేల ఖర్చు బయటపడుతుందో మాత్రం చెప్పరు. ఉప్పునీటిలో తిరిగే మోటార్లకి చిన్న జింకు ముక్క ఒకటి బిగిస్తారు. తుప్పునంతా అదే తిని, మిగతా లోహాన్ని కాపాడి, తాను అరిగిపోతుంది. మనం గంగమ్మకి కోడిని బలిస్తాం గానీ, అడక్కుండానే బలైపోయే ఈ జింకుని మార్చం. ఎందుకంటే దానికి మొక్కుకున్నవాళ్లు లేరు.

లైఫ్ జాకెట్లు ఉన్నాయి, అబద్ధమాడకూడదు. గోనెసంచిలో కట్టి, చెక్క సీటు గుచ్చుకోకుండా మెత్తగా వేశారు. అక్కకి నడుం నొప్పి, రెండు ఎక్కువ వేయించుకుంది.

పడవ పక్కనున్న సన్నటి పైపులోంచి వేడినీళ్లు చిమ్ముతున్నంతసేపూ చిన్నపిల్ల అందులో వేళ్లు పెట్టి ఆడుకుంది. కాసేపటికి "మావయ్యా, కుళాయి ఆగిపోయింది" అంది. ఆ కుళాయి ఆగిందంటే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు ఆగాయని. పడవలో అందరికంటే ముందు పరీక్ష చేసింది ఆ ఆరేళ్లదే. మేము "పోనీలే, బట్టలు తడవవు" అన్నాం.

దీవికి ఇంకాస్త ఇవతల ఉండగా రంగు మాడిన కమురు వాసన, తెల్లటి పొగ, ఆ తరవాత ఎక్కడలేని ప్రశాంతత. సరంగు గబగబా బకెట్‌తో సరస్సు నీళ్లు తోడి ఇంజన్ మీద కుమ్మరించబోయాడు. "పగిలిపోద్దిరా!" అని మా బావ అరిచిన అరుపుకి గట్టునున్న కొంగలు లేచిపోయాయి. కాలిన ఇనుము మీద చన్నీళ్లు పడితే హెడ్డుకి బీట.

అక్క కాళీజాయి వైపు తిరిగి దండం పెట్టింది. ఆ అమ్మవారు కూడా పడవలో అత్తారింటికి బయల్దేరి చేరనమ్మాయేనని నాకు గుర్తొచ్చింది గానీ, ఆ సమయంలో చెప్పే కథ కాదు.

సరంగు మాత్రం తొణకలేదు. లుంగీ ఎగ్గట్టి నీళ్లలోకి దూకాడు. ఛాతీ దాకా వచ్చాయి, అంతే! మన ప్రాణాలకి చిలిక లోతు లేకపోవడమే ఇన్సూరెన్స్. నీళ్లు పీల్చే పైపు జాలీలోంచి పిల్ల జడంత నాచు లాగి, మా బావ చేతిలో పెట్టి, "ఇదే బాబూ, ఇంజన్ మంచిదే" అన్నాడు. చల్లారేదాకా గంట కూర్చున్నాం. స్టార్టయింది.

ఒడ్డు చేరాక, మేము దిగుతుండగానే ఇంకో కుటుంబం ఎక్కింది. వాళ్లలో ఎవరూ ఏమీ అడగలేదు. బుద్ధిమంతులు.

తిరిగొస్తూ కార్లో ముందు సీట్లో కూర్చున్నాను. స్టీరింగు వెనక, మీటర్ల మధ్యలో ఎర్రటి బొట్టుబిళ్ల ఒకటి అంటించి ఉంది. ఏమిటని అడిగాను.

"అక్కడేదో లైటు వెలుగుతోందిరా నెల్లాళ్లుగా," అంది అక్క వెనక నుంచి. "రాత్రిళ్లు మీ బావకి కంట్లో పడుతోందని నేనే అంటించాను."

మా బావ గేరు మార్చాడు.