రెడ్‌కార్: బీచ్ మిగిలింది, జీతం పోయింది

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో టీస్ నది సముద్రంలో కలిసే చోటు నుంచి సాల్ట్‌బర్న్ దాకా సుమారు 8 మైళ్ల పొడవునా ఇసుక తీరమే. దాని మీద ఉన్న పట్టణం రెడ్‌కార్. ఉక్కు కర్మాగారం మూతపడ్డాక ఈ ఊరి భవిష్యత్తు గురించి తరచూ ఒక మాట వినిపిస్తోంది: పొగ పోయింది, బీచ్ ఉంది, ఇక పర్యాటకంతో బతకవచ్చు. కర్మాగారం నీడ తొలగితే తీరం దానంతట అదే కళకళలాడుతుందన్నది ఇందులోని నమ్మకం. రెడ్‌కార్ చరిత్ర తెలిస్తే ఈ నమ్మకం నిలవదు.

1846లో రైలు వచ్చింది, దాంతో విహారానికి జనం వచ్చారు. 1850లో దగ్గర్లోని ఎస్టన్ కొండల్లో ఇనుప ఖనిజం భారీగా బయటపడింది, దాంతో కొలిములు లేచాయి. అప్పటినుంచి తీరమూ కొలిమీ కలిసే పెరిగాయి. సెలవు రోజున సముద్రపు ఒడ్డున ఖర్చయ్యే డబ్బుకు వెనక వారమంతా ఉక్కు పనిలో వచ్చిన జీతం ఉండేది.

ఈ బంధాన్ని కళ్లారా చూడాలంటే నది ముఖద్వారం దగ్గరున్న సౌత్ గేర్‌కు వెళ్లాలి. ఓడలకు ప్రమాదకరంగా ఉన్న ఆ చోట అలల ఉద్ధృతిని ఆపడానికి 1861లో మొదలుపెట్టి 1880లలో పూర్తి చేసిన అడ్డుకట్ట అది. కట్టింది ఎక్కువగా స్లాగ్‌తో, అంటే ఖనిజం నుంచి ఇనుము తీశాక మిగిలే మడ్డితో. సుమారు 50 లక్షల టన్నులు పోశారు. ఆ గట్టు చాటునే ప్యాడీస్ హోల్ అనే చిన్న రేవు ఉంది. అక్కడ పడవలు ఆగుతాయి, పక్కనే మత్స్యకారుల ఆకుపచ్చ గుడిసెలు వరుసగా కనిపిస్తాయి. ఈ రోజు పర్యాటకులు ఇష్టంగా ఫొటోలు తీసుకునే ఆ దృశ్యం కొలిమి వ్యర్థం మీదే నిలబడి ఉంది.

1932లో ప్రారంభమైన సిడ్నీ హార్బర్ వంతెనను కట్టిన డోర్మన్ లాంగ్ ఈ ప్రాంతపు సంస్థే. 1979లో రెడ్‌కార్‌లో వెలిగించిన బ్లాస్ట్ ఫర్నేస్, అంటే ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే భారీ కొలిమి, ఐరోపాలోని అతిపెద్ద ఫర్నేసుల్లో ఒకటి. 2010లో అప్పటి యజమాని, ఉక్కు సంస్థ కోరస్ దాన్ని ఆపేసింది. థాయ్‌లాండ్ సంస్థ ఎస్‌ఎస్‌ఐ కొని 2012లో మళ్లీ వెలిగించింది. మూడేళ్లు తిరిగేసరికి ఉక్కు ధరలు కుప్పకూలాయి. 2015 అక్టోబరులో ఎస్‌ఎస్‌ఐ బ్రిటన్ విభాగం దివాలా తీసింది.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం గుర్తుంచుకోవాలి. బొగ్గును వేడిచేసి ఫర్నేస్‌కు కావలసిన కోక్ అనే ఇంధనాన్ని తయారుచేసే కోక్ ఓవెన్లు చల్లారితే లోపలి ఇటుకలు బీటలు వారతాయి, మళ్లీ పనికిరావు. అందుకే మంచి రోజులు వచ్చేదాకా వాటిని వేడిగా నిలిపి ఉంచమని కార్మిక సంఘాలు ప్రాధేయపడ్డాయి. ప్రభుత్వం అందుకు డబ్బు పెట్టలేదు. ప్రకటించింది 8 కోట్ల పౌండ్ల దాకా సహాయ ప్యాకేజీ. సుమారు 2,200 మంది ఉద్యోగాలు పోయాయి. నెలల తరబడి ఓవెన్లను కాపాడటానికి ఎంత ఖర్చయినా, ఒక తరం నైపుణ్యం చెల్లాచెదురు కావడం కంటే అది పెద్ద నష్టం కాదు. ఆ నిర్ణయం తప్పు.

తర్వాత మిగిలిన ఆనవాళ్లను తీసేయడంలో మాత్రం తొందర చూపారు. 2021 సెప్టెంబరులో, కర్మాగారానికి బొగ్గు నిల్వ చేసిన డోర్మన్ లాంగ్ టవర్‌కు వారసత్వ కట్టడంగా రక్షణ దక్కింది. కొద్ది రోజుల్లోనే ఆ రక్షణ రద్దయింది, టవర్ నేలకూలింది. 2022 నవంబరులో ఫర్నేస్‌నూ పేల్చేశారు.

ఖాళీ అయిన నేలే ఇప్పుడు అసలు ఆస్తి. సుమారు 4,500 ఎకరాల పునరభివృద్ధికి 2017లో ప్రభుత్వ అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేశారు. శుభ్రం చేసే భారం ప్రధానంగా ప్రజాధనం మోసింది. ఈ నేలను అభివృద్ధి చేసే టీస్‌వర్క్స్ అనే ప్రభుత్వ, ప్రైవేటు ఉమ్మడి సంస్థలో ప్రైవేటు భాగస్వాముల వాటా మాత్రం 2021లో 50 శాతం నుంచి 90 శాతానికి పెరిగింది. 2024 జనవరిలో వచ్చిన స్వతంత్ర సమీక్ష అవినీతికి ఆధారాలు దొరకలేదని చెప్పింది. అదే సమీక్ష పారదర్శకత చాలలేదనీ, ప్రజాధనానికి తగిన విలువ దక్కుతోందనే భరోసా లేదనీ కూడా చెప్పింది. పాలకులు మొదటి వాక్యాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేయడం ఊరికి చేసే అన్యాయం.

కొత్త ఉద్యోగాలు రావట్లేదని అనను. సముద్రంలో గాలిమరలను నిలబెట్టే భారీ ఉక్కు స్తంభాల కర్మాగారాన్ని దక్షిణ కొరియాకు చెందిన సియా సంస్థ ఇక్కడే కట్టింది, అది మంచి పరిణామం. అయితే ఆ స్తంభాలకు కావలసిన ఉక్కు ఇప్పుడు బయటి నుంచి రావాలి. హోటళ్లు, ఐస్‌క్రీం దుకాణాలు వేసవిలో నాలుగు నెలలు పని ఇస్తాయి, ఉక్కు కార్మికుడి జీతంతో ఇల్లు కొనుక్కున్న కుటుంబాన్ని అవి ఏడాది పొడవునా నిలబెట్టలేవు. కాబట్టి ఆ నేల మీద వచ్చే ప్రతి లాభంలో రెడ్‌కార్ కుటుంబాలకు చెప్పుకోదగ్గ వాటా ఉండాలి. ఏ స్థలం ఎవరికి ఎంతకు వెళ్లింది, ఎన్ని ఉద్యోగాలు స్థానికులకు దక్కాయి, 2024 సమీక్ష చేసిన సిఫార్సుల్లో ఎన్ని అమలయ్యాయి అన్న లెక్కలు ఏటా, సామాన్యుడికి అర్థమయ్యే భాషలో, ఆ ఊరి ముందు పెట్టాలి.