స్వర్ణముఖిపై నడిచేవారికీ ఒక వంతెన

అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఎక్కే భక్తులకు అడుగడుగునా సౌకర్యాలు సమకూర్చిన తిరుపతిలో, కొండ దిగాక కాలినడకన వెళ్లేవారిని పట్టించుకునే నాథుడు లేడు. వాహనాల కోసం 2023లో నగరంలో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ అందుబాటులోకి వచ్చింది. అది అవసరమే, కాదనం. అయితే తిరుచానూరు, పాడిపేటల వైపు స్వర్ణముఖి నది రెండు గట్ల మీదా పార్కులు తీర్చిదిద్ది, వాటిని కలుపుతూ పాదచారులకూ సైకిళ్లకూ మాత్రమే ఒక వంతెన నిర్మించే ఆలోచన కూడా నగర ప్రణాళికలోకి రావాలని మేము కోరుతున్నాము.

అహ్మదాబాద్‌లో సబర్మతిపై 2022 ఆగస్టులో ప్రారంభమైన అటల్ వంతెన ఇందుకు దగ్గరి ఉదాహరణ. ఎల్లిస్ బ్రిడ్జికీ సర్దార్ బ్రిడ్జికీ మధ్య 300 మీటర్ల పొడవున, గాలిపటాల రంగులను తలపించే పైకప్పుతో కట్టిన ఆ వంతెన చూడముచ్చటగానే ఉంది. కానీ దానిపై అడుగుపెట్టాలంటే టికెట్ కొనాలి. రోజూ పనికి వెళ్లే కూలీ, బడికి వెళ్లే పిల్లవాడు టికెట్ కొని నది దాటుతారా? సెల్ఫీల కోసం కట్టేది వేరు, దారి కోసం కట్టేది వేరు. మనకు కావలసింది రెండోది. అదే ఏడాది అక్టోబరులో గుజరాత్‌లోనే మోర్బీ తీగల వంతెన తెగి 135 మంది చనిపోయాక, అటల్ వంతెనపైకి గంటకు మూడు వేల మందినే అనుమతించాలని నిర్ణయించారు. బ్రహ్మోత్సవాలకూ పంచమీ తీర్థానికీ జనం పోటెత్తే మన ప్రాంతంలో ఆ లెక్క పునాది తవ్వకముందే తేలాలి.

మెట్లు పెడితే సైకిలు ఎక్కదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలూ ఎక్కరు. ఇరవై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇస్తే, పదిహేను అడుగుల ఎత్తుకు మూడు వందల అడుగుల ర్యాంపు కావాలి. అంటే గట్టు మీద స్థలం ఇప్పుడే కాపాడుకోవాలి. ఆక్రమణలు వెలిశాక పరిహారాలకూ కోర్టులకూ తిరగడమే మిగులుతుంది.

ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక, కంపచెట్లు తప్ప నీళ్లు కనిపించని ఏటికి వంతెన దేనికని కొందరు అనవచ్చు. ఈశాన్య రుతుపవనాల వేళ కాజ్‌వే మునిగి, దారికి అడ్డంగా ముళ్లకంప వేసినప్పుడు ఆవలి ఒడ్డున ఆగిపోయినవారిని అడిగితే జవాబు దొరుకుతుంది. 2021 నవంబరు వరదల్లో తిరుచానూరులో ఏటి ఒడ్డునున్న ఇల్లు ఉన్నపళంగా ప్రవాహంలోకి కూలిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. ఇసుక తోడేసిన ఏట్లో ప్రవాహం స్తంభాల అడుగును కోసేస్తుంది. కాబట్టి ఆ వరద మట్టాన్ని కొలమానంగా తీసుకుని వంతెన ఎత్తునూ పునాదుల లోతునూ నిర్ణయించాలి. గట్టు హద్దులు గుర్తించి రాళ్లు నాటడం, వంతెనకు ఎగువనా దిగువనా ఇసుక తవ్వకాలను నిషేధించడం, ఏట్లోకి మురుగు చేరకుండా ఆపడం టెండర్లకు ముందే పూర్తికావాలి.