పిల్లల రిపోర్టులో పెద్దల కొలతలు

పదమూడేళ్ల పిల్లాడి రక్తపరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 350 అని వచ్చి, పక్కన ఎర్రగా ‘ఎక్కువ’ అని పడిందనుకోండి. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. లివర్ జబ్బులన్నీ ఫోన్లో వెతికేస్తారు. చాలాసార్లు సంగతేమిటంటే, పిల్లాడు పొడుగవుతున్నాడు, అంతే. ఈ ఎంజైమ్ లివర్‌తో పాటు పెరిగే ఎముకల నుంచి కూడా వస్తుంది. పెద్దవాళ్లలో 130 దాటితే ఆలోచించాలి గానీ, ఎదిగే వయసులో 300 దాటడం మామూలే. పైగా ఆడపిల్లలు ముందు ఎదుగుతారు, ముందే ఆగుతారు. పదహారేళ్ల అబ్బాయికి 300 ఉంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. అదే వయసు అమ్మాయికి 300 ఉంటే కారణం వెతకాల్సిందే.

అనవసరపు టెన్షన్ సరే, ఎలాగోలా తీరుతుంది. నాకు భయం వేసేది ఎర్ర గుర్తు పడని చోట. క్రియాటినిన్ అనేది కండరాల నుంచి వచ్చే వ్యర్థం, దాన్ని బయటికి పంపేది కిడ్నీలు. పిల్లల్లో కండ తక్కువ కాబట్టి, మూడేళ్ల పాపకు సాధారణంగా డెసీలీటరు రక్తానికి 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాముల మధ్యే ఉంటుంది. పెద్దల రేంజ్, అంటే నార్మల్ అనుకునే హద్దు, 1.2 దాకా వెళ్తుంది. ఆ పాపకు 0.8 వస్తే కిడ్నీలు సగం పనే చేస్తూ ఉండొచ్చు. కానీ పెద్దల కొలత అచ్చేసిన రిపోర్టులో అది శుభ్రంగా ‘నార్మల్’. హడావుడిలో ఉన్న డాక్టరు కళ్లు కూడా దాన్ని దాటిపోతాయి.

మరి పిల్లలకు వేరే రేంజ్‌లు ఎందుకు తయారు కావడం లేదు? తయారవుతున్నాయి, నెమ్మదిగా. ఒక్కో వర్గానికి కనీసం 120 మంది ఆరోగ్యవంతుల రక్తం కావాలన్నది ల్యాబుల్లో పాటించే నియమం. వాళ్ల ఫలితాల్లో మధ్యలో ఉండే 95 శాతమే ‘నార్మల్’. వయసును ఐదు భాగాలు చేసి, అబ్బాయిలనూ అమ్మాయిలనూ వేరుచేస్తే ఒక్క పరీక్షకే 1,200 మంది పిల్లలు కావాలి. మూడు కిలోల పసికందు ఒంట్లో ఉండే రక్తమే సుమారు 240 మిల్లీలీటర్లు. జబ్బేమీ లేని బిడ్డకు సూది గుచ్చమని ఏ తల్లి అంటుంది? అయినా టొరంటోలోని సిక్‌కిడ్స్ ఆసుపత్రి నడిపే క్యాలిపర్ ప్రాజెక్టు వేలమంది ఆరోగ్యవంతులైన పిల్లల శాంపిల్స్ సేకరించి, ఫలితాలు అందరికీ తెరిచి పెట్టింది.

ఆసుపత్రుల్లో పోగుపడిన పాత ఫలితాల నుంచి గణితంతో రేంజ్ తీసే పద్ధతి కూడా ఉంది. ఖర్చు తక్కువ, సూదులు అక్కర్లేదు. పసిపిల్లల విషయంలో ఒక్కోసారి అదే దిక్కు. కాకపోతే ఆసుపత్రికి వచ్చేవాళ్లలో జబ్బుపడినవాళ్లే ఎక్కువ కదా, దాని మీదే పూర్తిగా ఆధారపడటం నాకు నచ్చదు. ఒక మెషీన్ మీద తీసిన రేంజ్ ఇంకో మెషీన్‌కి అతకకపోవచ్చు కూడా. దాన్ని సరిచూసుకోవాల్సిన బాధ్యత ల్యాబుదే.

అందుకే నా వాదన ఇది: పిల్లల రిపోర్టు మీద ఆ రేంజ్ ఏ వయసుకి, అబ్బాయికా అమ్మాయికా అన్నది అచ్చు వేయాలి. అలాంటి రేంజ్ ల్యాబు దగ్గర లేకపోతే ‘ఇది పెద్దల రేంజ్’ అని రాయాలి. ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు. ఒక వరుస రాస్తే చాలు.

రెండో మాట మనలాంటి తల్లిదండ్రులకి. పిల్లలకు ఏ చిన్న ఆపరేషన్‌కో ఎలాగూ సూది గుచ్చుతున్నప్పుడు, ఇలాంటి అధ్యయనం కోసం ఇంకో చిన్న గొట్టం రక్తం ఇస్తారా అని అడిగితే, సగం వినకుండానే వద్దంటాం. ఎంత తీస్తారు, పేరు బయటికి వస్తుందా, మధ్యలో మానుకోవచ్చా అని అడగండి. జవాబులు సరిగ్గా ఉంటే, పిల్లలూ ఒప్పుకుంటే, సంతకం పెట్టండి.