నాటిన గ్రాఫ్ట్‌లు సరే, తల వెనుక మిగిలిందెంత?

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ ప్రకటనల్లో ఫొటోలు దాదాపు అన్నీ ముందు నుంచి తీసినవే. నుదుటి మీద కొత్త హెయిర్‌లైన్, పక్కన పెద్ద అక్షరాల్లో ఓ అంకె. 4,000 గ్రాఫ్ట్‌లు (తీసి నాటే చిన్న వెంట్రుక గుత్తులు), 5,000 గ్రాఫ్ట్‌లు, అదీ ఒకే సిట్టింగ్‌లో. ఆ వెంట్రుకలు ఎక్కడి నుంచి తీశారో ఆ తల వెనుక భాగాన్ని మాత్రం దగ్గరగా చూపించరు. చేయించుకోవాలనుకునేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న కూడా "ఎన్ని గ్రాఫ్ట్‌లు వేస్తారు?" అనేదే. ఈ ఆలోచనే తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. ముందు నాటిన ప్రతి గ్రాఫ్టూ వెనుక నుంచి శాశ్వతంగా పోయినదే. అంటే ఆ అంకె ఖర్చును చెబుతోంది. ఖర్చునే ఘనతగా చూపించుకునే చోట వెంట్రుకలు తీసే ఆ వెనుక భాగాన్ని, అంటే డోనర్ ఏరియాను, కాపాడాలన్న పట్టింపు ఎవరికుంటుంది?

ఈ ఆపరేషన్‌తో కొత్త వెంట్రుక ఒక్కటి కూడా పుట్టదు. ఉన్నది ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతుంది, అంతే. జపాన్ డాక్టర్ షోజీ ఒకుడా 1939లోనే చిన్న పంచ్‌లతో (గుండ్రంగా కోసే పరికరాలతో) వెంట్రుకలున్న చర్మాన్ని తీసి, మచ్చలు పడి జుట్టు ఊడిన చోట్ల నాటిన వివరాలు ప్రచురించారు. న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1952లో మగవాళ్ల బట్టతలకు ఇదే తరహా పద్ధతి వాడి, 1959లో ఒక ముఖ్యమైన విషయం రాశారు. తల వెనుక నుంచి తీసిన కుదురు ఎక్కడ నాటినా తన పాత గుణాన్ని నిలుపుకుంటుందని. బట్టతలకు కారణమయ్యే డీహెచ్‌టీ అనే మగ హార్మోన్‌కు ముందు భాగంలోని కుదుళ్లు లొంగిపోతాయి, వెనుక భాగంలోనివి చాలావరకు తట్టుకుంటాయి. మొత్తం వైద్యం ఈ ఒక్క తేడా మీదే నిలబడింది. అయితే కుదురు పెకలించిన చోట మళ్లీ కుదురు రాదు. డోనర్ ఏరియా ఊటబావి కాదు, తోడేసింది మళ్లీ ఊరదు.

అందులో ఎంత ఉందో ఒకసారి లెక్క వేద్దాం. తల మీద వెంట్రుకలు ఒక్కొక్కటిగా కాకుండా, ఒకటి నుంచి నాలుగు దాకా చిన్న గుత్తులుగా మొలుస్తాయి. గ్రాఫ్ట్ అంటే అలాంటి ఒక గుత్తి. చాలామందికి వెనుక భాగంలో చదరపు సెంటీమీటరుకు 65 నుంచి 85 గుత్తులుంటాయి. సురక్షితంగా తీసుకోదగ్గ ప్రాంతం 200 చదరపు సెంటీమీటర్లు, సాంద్రత 75 అనుకుంటే మొత్తం 15,000 గుత్తులు. సుమారు సగం పోయేదాకా పలచబడినట్టు కంటికి తెలియదన్నది ఈ రంగంలో అందరూ చెప్పే మాట. కానీ ఆ సగం గీత దాకా వెళ్లడం ప్రమాదమే. వయసుతో పాటు వెనుక జుట్టు కూడా కొంత పలచబడుతుంది, పొట్టిగా కత్తిరిస్తే లోటు ముందే బయటపడుతుంది. జాగ్రత్తగా మూడో వంతు నుంచి నలభై శాతం దాకా తీసుకుంటే జీవితం మొత్తానికి చేతిలో ఉండేది 5,000 నుంచి 6,000 గ్రాఫ్ట్‌లు. వెంట్రుక మందం, సాంద్రత, తల పరిమాణం బట్టి ఇది మనిషికీ మనిషికీ మారుతుంది.

ఇక అవసరం ఎంత? అమెరికా పరిశోధకుడు హామిల్టన్ 1951లో వర్గీకరించి, డాక్టర్ నార్వుడ్ 1975లో సవరించిన కొలమానంలో మగవాళ్ల బట్టతలకు ఏడు దశలున్నాయి. ఆరో దశకు చేరితే ఖాళీ అయ్యే ప్రాంతం 200 చదరపు సెంటీమీటర్లు దాటవచ్చు. అక్కడ సహజ సాంద్రతలో సగం కన్నా తక్కువగా, చదరపు సెంటీమీటరుకు 35 చొప్పున నాటాలన్నా 7,000 గ్రాఫ్ట్‌లు కావాలి. ఉన్నదే 6,000. పెద్ద బట్టతల వచ్చే అవకాశమున్న వాళ్లందరిదీ ఇదే పరిస్థితి. ఒకే సిట్టింగ్‌లో 5,000 తీయడమంటే, వాళ్లకు ముందున్న ముప్పై నలభై ఏళ్ల నిల్వను ఒక్క రోజులో వాడేయడమే.

ఇందులో బాగా నష్టపోయేది ఇరవైల్లో ఉన్న కుర్రవాళ్లు. ఇరవై రెండేళ్లకు నుదురు కాస్త వెనక్కి జరిగితే, పదహారేళ్లప్పటి హెయిర్‌లైన్ కావాలని అడుగుతారు. హెయిర్‌లైన్‌ను ఒక్క సెంటీమీటరు కిందికి దించాలంటే ఎంతవుతుందో చూడండి. వెడల్పు 14 సెంటీమీటర్లు, సాంద్రత 40 అనుకుంటే 560 గ్రాఫ్ట్‌లు. రెండు సెంటీమీటర్లు దించితే వెయ్యికి పైనే. పదేళ్లలో దాని వెనుక ఉన్న సొంత జుట్టు ఊడిపోతుంది, నాటింది మాత్రం నుదుటి మీద ఒక గట్టులా నిలిచిపోతుంది. మధ్యలో ఖాళీ నింపుదామంటే వెనుక మిగిలి ఉండదు. నడినెత్తిన సుడి దగ్గర ఖాళీ మరీ కష్టం. అక్కడ వెంట్రుకలు చుట్టూ విచ్చుకుంటాయి కాబట్టి ఒకదాన్నొకటి కప్పుకోవు. ఎన్ని వేసినా చాలవు, ఆ చుట్టూ సొంత జుట్టు ఊడే కొద్దీ ఖాళీ వలయంలా పెరుగుతూనే ఉంటుంది.

"వయసులో ఉన్నప్పుడే జుట్టు కావాలి, అరవై ఏళ్లప్పుడు ఎవరు చూస్తారు?" అనే వాదన ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. జుట్టు ఊడటం వల్ల ఆ వయసులో పడే బాధ నిజమైనది, అద్దం చూసుకోవడానికే ఇబ్బందిపడేవాళ్లున్నారు. అయితే లెక్క తప్పినప్పుడు నష్టం అరవైల దాకా ఆగదు. చాలాసార్లు ముప్పైలు నిండేసరికే కనిపిస్తుంది, అదీ ముందూ వెనుకా రెండు వైపులా. మామూలు బట్టతల ఉన్న మనిషి విసుగొస్తే నున్నగా గుండు చేయించుకోవచ్చు. వెనుకంతా పంచ్ చుక్కలున్న వాళ్లకు ఆ దారీ ఉండదు.

మచ్చ ఉండదు అన్న మాట మీద ఇక్కడ గట్టిగానే చెప్పాలి. గుత్తులను ఒక్కొక్కటిగా పంచ్‌తో తీసే ఎఫ్‌యూఈ పద్ధతిని అమెరికా సర్జన్ రాస్‌మన్ బృందం 2002లో వైద్య పత్రికలో వివరించిన తర్వాత అది బాగా వ్యాపించింది. తల వెనుక చర్మాన్ని ఒక పట్టీగా కోసి తీసే పాత స్ట్రిప్ పద్ధతిలోలా పొడవాటి గీత లేదు, కుట్లు లేవు. దీన్నే చాలా క్లినిక్‌లు "మచ్చలేని చికిత్స" అని అమ్ముతున్నాయి. కానీ ప్రతి పంచ్ ఒక రంధ్రమే, ప్రతి రంధ్రమూ మానాక ఒక తెల్లటి చుక్క. 0.9 మిల్లీమీటర్ల పంచ్‌తో 4,000 రంధ్రాలు చేస్తే వాటి వైశాల్యం మొత్తం సుమారు 25 చదరపు సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరు వెడల్పు, 25 సెంటీమీటర్ల పొడవున్న స్ట్రిప్‌ది కూడా అంతే. తేడా అది ఎలా పరుచుకుందన్నదే. స్ట్రిప్‌లో ఒక పట్టీ పోయి మిగతా చోట సాంద్రత దాదాపు అలాగే ఉంటుంది, గీత మాత్రం మిగులుతుంది, చర్మం బిగుతవుతుంది. ఎఫ్‌యూఈలో గీత ఉండదు, మొత్తం ప్రాంతమంతా పలచబడుతుంది. జుట్టు మరీ పొట్టిగా ఉంచుకోవాలనుకునే వారికి ఎఫ్‌యూఈ నయం. ఎక్కువ గ్రాఫ్ట్‌లు అవసరమై, జుట్టు కాస్త పెంచుకునే వారికి స్ట్రిప్ ఇప్పటికీ పరిశీలించదగ్గదే. దాన్ని అసలు ప్రస్తావించకుండా ఎఫ్‌యూఈ ఒక్కటే దారన్నట్టు మాట్లాడటం సరైన సలహా కాదు.

ఎఫ్‌యూఈలో ఎన్ని తీశారన్న దానితో సమానంగా, ఎక్కడెక్కడ తీశారన్నదీ ముఖ్యం. పక్కపక్కనే ఉన్న గుత్తులు తీస్తే ఖాళీ మచ్చలు పడి, పురుగు కొట్టిన బట్టలా కనిపిస్తుంది. నాలుగైదింటికి ఒకటి చొప్పున, అంతటా సమంగా, అంచుల్లో ఇంకా పలచగా తీస్తూ పోవాలి. అలా చేయడానికి సమయం పడుతుంది. త్వరగా ముగించాలనుకునే చేతులు జుట్టు దట్టంగా ఉన్న మధ్య భాగం మీదే పడతాయి.

సురక్షిత ప్రాంతం ఎక్కడి దాకా అన్నది అసలు ప్రశ్న. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ సర్జన్ వాల్టర్ అంగర్ 1994లో 65 ఏళ్లు దాటిన 328 మంది పురుషుల తలలు పరిశీలించి, ఆ వయసులోనూ జుట్టు నిలిచి ఉండే హద్దులు గీశారు. తల వెనుక మధ్య భాగంలో, చెవుల పైన సాగే ఒక పట్టీ అది. దాని పైన నడినెత్తి వైపు ఉన్న జుట్టు ఈరోజు దట్టంగా ఉండొచ్చు, రేపు ఊడొచ్చు. కింద మెడ దగ్గరి జుట్టు అంచు కూడా కొందరిలో పైకి జరుగుతుంది. హద్దు దాటి తీస్తే దెబ్బ రెండు వైపులా తగులుతుంది. ముందు నాటిన ఆ వెంట్రుకలు తమ పాత గుణం ప్రకారం కొన్నేళ్లకు ఊడిపోతాయి. వెనుక వాటిని తీసిన చోటు కూడా బట్టతలగా మారి, అప్పటిదాకా జుట్టు కప్పిన చుక్కలన్నీ బయటపడతాయి. "5,000 గ్రాఫ్ట్‌లు గ్యారంటీ" అని ముందే చెప్పేసిన క్లినిక్‌కు ఆ అంకె చేరడానికి హద్దు దాటాల్సిన ఒత్తిడి ఉంటుంది. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. ఆ నష్టం మర్నాడు ఏ ఫొటోలోనూ కనిపించదు.

కొంతమందికి అసలు సురక్షిత ప్రాంతమే ఉండదు. వెనుక వెంట్రుకలు కూడా సన్నబడుతూ ఉంటాయి. దూరం నుంచి చూస్తే తెలియదు, జుట్టు కత్తిరించి పరికరంతో పెద్దది చేసి చూస్తేనే తెలుస్తుంది. అయిదో వంతుకు మించి వెంట్రుకలు సన్నబడి ఉంటే చాలామంది సర్జన్లు వెనక్కి తగ్గుతారు. ఆడవాళ్లలో జుట్టు పలచబడటం తరచూ తలంతా ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష వాళ్లకు ఇంకా అవసరం. ఫోన్‌లో పంపిన నాలుగు ఫొటోలు చూసి గ్రాఫ్ట్‌ల సంఖ్య చెప్పేసేవాళ్లు ఈ పరీక్ష ఎప్పుడు చేసినట్టు?

ప్రకటనలో కనిపించని వృథా కూడా ఉంది. చర్మం కింద వెంట్రుక వంపు తిరిగి ఉంటుంది. పంచ్ కోణం తప్పితే కుదురు మధ్యకు తెగిపోతుంది. అలా తెగింది ముందు నాటితే బతుకుతుందన్న నమ్మకం ఉండదు, వెనుక మళ్లీ మొలుస్తుందన్న నమ్మకమూ ఉండదు. 4,000 ప్రయత్నాల్లో పది శాతం తెగితే 400 దెబ్బతిన్నట్టే. బయటకు తీసిన గ్రాఫ్ట్‌లు ఎండిపోయినా, నాటేటప్పుడు గట్టిగా నొక్కినా చచ్చిపోతాయి. అందుకే పంచ్ ఎవరి చేతిలో ఉందన్నది పెద్ద విషయం. చర్మం కోయడం సర్జరీ, అది అర్హత ఉన్న డాక్టరే చేయాలని ఈ రంగంలోని అంతర్జాతీయ సర్జన్ల సంఘం చాలా ఏళ్లుగా చెబుతూనే ఉంది. కౌన్సెలింగ్‌లో కనిపించిన డాక్టర్ ఆపరేషన్ గదిలో కూడా ఉంటారా, పంచ్ తనే చేస్తారా అని అడగడానికి మొహమాటపడకండి. లెక్క గ్రాఫ్ట్‌లలోనా వెంట్రుకల్లోనా అన్నది కూడా అడగండి. రెండు వెంట్రుకల గుత్తిని చీల్చి రెండు గ్రాఫ్ట్‌లుగా లెక్క కడితే అంకె పెరుగుతుంది, జుట్టు పెరగదు.

డోనర్‌ను కాపాడే మార్గాల్లో నేను ముందు పెట్టేది కత్తి లేనిదే, అంటే ఉన్న జుట్టును నిలబెట్టుకోవడం. తలకు రాసే మినాక్సిడిల్‌కు అమెరికాలో 1988లో, మగవాళ్లకు ఒక మిల్లీగ్రాము ఫినాస్టరైడ్ మాత్రకు 1997లో అనుమతి వచ్చింది. దుష్ప్రభావాలు కొందరికి ఉంటాయి, గర్భిణులు ఫినాస్టరైడ్ అసలు వాడకూడదు, కాబట్టి డాక్టర్‌తో మాట్లాడే మొదలుపెట్టాలి. మందుతో ఒక ఏడాది ఆగి చూస్తే జుట్టు ఏ వేగంతో పోతోందో తెలుస్తుంది. మందుతో ఆగిన ప్రతి వెంట్రుకా వెనుక నుంచి తీయాల్సిన అవసరం లేని వెంట్రుక. "ఇప్పుడే వద్దు, ఏడాది తర్వాత రా" అనే సర్జన్ మీద మీకు కోపం రావచ్చు. కానీ నేనైతే ఆ సర్జన్ దగ్గరికే మళ్లీ వెళ్లమంటాను.

డోనర్ పాడయ్యాక చేయగలిగింది తక్కువే. గడ్డం కింద వెంట్రుకలు తీసి వెనుక చుక్కల్లో నాటొచ్చు, అవి ముతకగా వేరే తీరులో ఉంటాయి. చుక్కల మధ్య రంగు పొడిపించుకుని ఖాళీ కనిపించకుండా చేసుకోవచ్చు. ఏదీ పోయిన కుదుళ్లను తెచ్చివ్వదు.

ఇందులో వెంటనే మార్చగలిగేది ఒకటుంది. ఆపరేషన్‌కు ముందు వెనుక భాగంలో కనీసం నాలుగైదు చోట్ల కొలిచిన సాంద్రత, సన్నబడిన వెంట్రుకల శాతం, వాడిన పంచ్ సైజు, ఏ భాగం నుంచి ఎన్ని తీశారు, ఎన్ని తెగాయి, పొట్టి కత్తిరింపుతో ముందూ తర్వాతా తీసిన వెనుక ఫొటోలు. ఇవన్నీ ఉన్న కాగితం పేషెంట్ చేతికి ఇవ్వడాన్ని తప్పనిసరి చేయాలి. పదేళ్ల తర్వాత రెండో ఆపరేషన్‌కు ఇంకో డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు, తన తల వెనుక ఇంకెంత మిగిలి ఉందో చెప్పే ఆధారం ఆ మనిషి దగ్గర అదొక్కటే ఉంటుంది.