ఊడిపోయే పళ్ళకు ఉపచారాలా?

తిరుపతి తల్లిదండ్రుల తర్కాన్ని తప్పుపట్టే హక్కు ఏ దంతవైద్యుడికీ లేదని ముందుగా మనవి చేస్తున్నాను. "పాల పళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అన్నది వారి సిద్ధాంతం. దీనికి ఆధారం కొండ మీదే ఉంది. పిల్లవాడి పుట్టు వెంట్రుకలు కల్యాణకట్టలో సమర్పించి వస్తాం, కొన్నాళ్ళకు జుట్టు మళ్ళీ వస్తుంది. జుట్టుకు ఒక న్యాయం, పంటికి ఒక న్యాయమా?

ఒక్కటే చిక్కు. పాల పళ్ళు మొత్తం ఇరవై. అందులో వెనక దవడ పళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఊడవు. మూడో ఏట పుచ్చిన పన్ను ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి నోట్లోనే కాపురముంటుంది, అద్దె కింద నొప్పి ఇస్తూ. పోనీ పీకించేద్దామంటే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. తర్వాత రావలసిన శాశ్వత దంతం చోటు దొరక్క ఎటు వీలైతే అటు మొలుస్తుంది. అయినా వరస తప్పిన పళ్ళకు కట్టే తీగల ఖర్చు పెళ్ళి ఖర్చులో కలిసిపోతుంది లెండి.

ఇక రాత్రి కార్యక్రమం. పిల్లవాడు ఏడవకుండా పడుకోవాలి, మనకు సీరియల్ తెగకూడదు. కాబట్టి చక్కెర కలిపిన పాల సీసా నోట్లో పెడతాం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పాలు పై ముందు పళ్ళ చుట్టూ నిలిచిపోతాయి, అక్కడి సూక్ష్మజీవులకు తెల్లవార్లూ అన్నదానం జరుగుతుంది. అవి ఆ చక్కెరను తిని ఆమ్లం చేస్తాయి, ఆమ్లం పంటిని తింటుంది. కింది ముందు పళ్ళకు నాలుక అడ్డుపడుతుంది కాబట్టి అవి చాలావరకు బతికిపోతాయి. అందుకే పైన నల్లబడి, కింద తెల్లగా నవ్వే పిల్లలు మనకు కనిపిస్తారు. వాళ్ళను చూసి "చాక్లెట్లు ఎక్కువ తింటాడు" అని ముద్దుగా చెప్పుకుంటాం.

లడ్డూ మీద నింద వేయడానికి మాత్రం నేను ఒప్పుకోను. లడ్డూ ఒక్కసారి తిని, నీళ్ళతో పుక్కిలించి ఊరుకుంటే జరిగే హాని తక్కువే. అదే లడ్డూను డబ్బాలో పెట్టి, వాడు ఏడ్చినప్పుడల్లా గిల్లి పెడితే ఆమ్లం నుంచి తేరుకునే తీరిక పంటికి ఉండదు. ఎంత తిన్నాడన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నాడన్నదే పంటికి ముఖ్యం. కానీ గిల్లి పెట్టే చేయి నాయనమ్మది. ఆమెకు ఈ సంగతి చెప్పే ధైర్యం ఉన్నవాళ్ళు ముందుకు రావచ్చు.

తాతగారి వాదన మరీ బలమైనది. ఆయన వేప పుల్లతో తోముకుని ఎనభయ్యో ఏట కూడా చెరకు గడ కొరికారు. నిజమే. ఆయన చిన్నప్పుడు క్రీము బిస్కెట్టు కూడా దొరికి ఉంటే ఆ వాదన పూర్తయ్యేది.

"మావాడు తానే తోముకుంటాడు" అన్నది మరో గొప్ప. సొంత చొక్కా గుండీలు పెట్టుకోలేని నాలుగేళ్ళవాడికి దవడ పళ్ళ వెనక సందులు అప్పగించాం. వాడు బ్రష్షు నమిలి, పేస్టు మింగి, పని పూర్తయిందని ప్రకటిస్తాడు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పెద్దవాళ్ళే తోమాలని, ఫ్లోరైడ్ పేస్టు మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలని వైద్యులు అంటారు. ప్రకటనల్లో బ్రష్షు పొడవునా అల అలగా పరిచిన పేస్టు చూసిన కళ్ళకు అది పిసినారితనంగా తోస్తుంది.

మొదటి పుట్టినరోజులోపే ఒకసారి పళ్ళ డాక్టరుకు చూపించమన్నది మరో సలహా. దర్శనం టికెట్టు నెలల ముందే కొనిపెట్టే ఇంట్లో కూడా ఆ డాక్టరు దగ్గరికి మాత్రం చెంప ఉబ్బాకే వెళ్తాం, అదీ రాత్రి పదింటికి.

ఆరో ఏట అసలు తమాషా మొదలవుతుంది. ఏ పన్నూ ఊడకుండానే పాల పళ్ళన్నిటి వెనక కొత్త దవడ పన్ను చడీచప్పుడు లేకుండా వస్తుంది. అది పాల పన్ను కాదు, జీవితాంతం ఉండవలసింది. వచ్చిన సంగతి తెలియాలంటే పిల్లవాడి నోరు బాగా తెరిపించి చూడాలి. ఆ విద్య ప్రస్తుతానికి మన ఊళ్ళో ఐస్‌క్రీము బండివాళ్ళ దగ్గరే ఉంది.