ఏడుపు మొహమూ, గ్యాసు బండా

మా ఫోటోగ్రఫీ క్లబ్బులో ఈ నెల అంశం "నేనూ, నా విషాదం". ఎవరి ఫోటో వాళ్ళే తీసుకుని శనివారం రాత్రిలోగా పంపాలి. పోయిన నెల "నేనూ, నా ఆనందం" అంటే నేను పంపినదాన్ని న్యాయనిర్ణేత గారు పెద్ద తెర మీద వేయించి, "ఫీల్ లేదు మాస్టారూ, రేషన్ కార్డు ఫోటోలా ఉంది" అని తేల్చేశారు. ఆయనగారు మాత్రం ఏళ్ళ తరబడి ఒకటే తీస్తున్నారు. వెనక ప్రకాశం బ్యారేజీ, ఆ వెనక దిగిపోతున్న సూర్యుడు, ముందు వల విసురుతున్న జాలరి. ఆ జాలరికి ఈపాటికి పింఛను వయసు వచ్చి ఉంటుంది. అందులో ఫీల్ ఎక్కడుందండీ అని నేనెప్పుడైనా నోరు తెరిచి అడిగానా?

సరే, రెండో శనివారం. మా ఆవిడ పేరంటానికి గుమ్మం దాటగానే హాల్లో దుకాణం తెరిచాను. ఒక్క కిటికీ ఉంచి మిగతావన్నీ మూసేశాను. వెలుగు ఒక పక్క నుంచే పడితే రెండో చెంప మీద, కంటి కింద, చిన్న త్రికోణం ఏర్పడుతుంది. రెంబ్రాంట్ వేసిన బొమ్మల్లో కనిపిస్తుంది కనక దానికి ఆయన పేరే పెట్టారు. ఆ త్రికోణం పడిందంటే సగం విషాదం వచ్చేసినట్టే, మిగతా సగం మనం చేతినించి వేసుకోవాలి. కుర్చీ వెనక తాడు కట్టి మా అత్తగారి నల్ల దుప్పటి వేలాడదీశాను. ఎక్స్‌పోజరు ఒక మెట్టు తగ్గించాను. భుజాల మీద ఉన్ని శాలువా. శాలువా కొంగు ఎగరకూడదని ఫ్యాను కట్టేశాను. విజయవాడలో. మే నెలలో.

కన్నీటికి గ్లిజరిన్ తెచ్చాను. అసలు కన్నీళ్ళకి కుదురుండదు, చెప్పిన చోట ఆగవు. గ్లిజరిన్ అలా కాదు, చిక్కగా పెట్టిన చోటే నిలబడి వెలుగు తగిలితే మెరుస్తుంది. అద్దంలో చూసుకుని చెంప మధ్యలో ఒక్క బొట్టు పెట్టుకున్నాను. నుదుటి చెమట కారి వచ్చి దాన్ని కలుపుకుపోకుండా తల ఎడమకి వంచి పట్టుకోవాలి. ఆ భంగిమలోనే వెళ్ళి కెమెరా మీట నొక్కి, ఆ భంగిమలోనే వచ్చి కూర్చున్నాను. పది సెకన్ల టైమరు.

పదీ అయింది, ఇరవయ్యీ అయింది. క్లిక్ లేదు.

తెర నా వైపే తిప్పి పెట్టాను కాబట్టి అంతా కనిపిస్తోంది. నా మొహం చుట్టూ ఒక చదరం. తెరకి ఎడమ అంచున నిలువుగా సన్నటి గీత, పక్కన బాణం గుర్తు. నేను మొహం దిగాలుగా పెట్టేకొద్దీ ఆ గీత కిందికి దిగుతోంది! భావాన్ని కొలవడానికి కూడా మీటరు పెట్టారన్నమాట అని సంబరపడ్డాను. సంబరపడేసరికి గీత కొంచెం పైకి లేచింది. అమ్మో అని మళ్ళీ దించాను. అడుక్కి చేరితే క్లిక్ మంటుంది కాబోలని లెక్కేసుకుని, ఇంట్లో ఉన్న దుఃఖాలన్నీ ఒక్కొక్కటే పైకి తీశాను. రావలసిన డీఏ బకాయిలు. సగం ధరకి అమ్ముకున్న స్థలం, ఇప్పుడు దాని మీద లేచిన నాలుగంతస్తుల మేడ. మా అబ్బాయి లెక్కల మార్కులు. గీత పాతాళానికి దిగిపోయింది. చివరాఖరికి న్యాయనిర్ణేత గారి మొహం తలుచుకున్నాను. గీత మాయమైంది. క్లిక్ మాత్రం లేదు.

అప్పుడు గుర్తొచ్చాడు హిపోలిట్ బయార్. ఫ్రాన్సు వాడు, నాలాగే సర్కారు గుమాస్తా. కాగితం మీద ఫోటో తీసే పద్ధతి సొంతంగా కనిపెట్టాడు పాపం. సర్కారేమో ఇంకో ఫోటో పద్ధతి కనిపెట్టిన డాగేర్ అనే ఆయన్ని నెత్తినెక్కించుకుని 1839లో జీవితాంతం పింఛను ఇచ్చింది. బయార్ చేతిలో 600 ఫ్రాంకులు పెట్టి సరిపెట్టింది. కడుపు మండి 1840లో ఆయన చొక్కా విప్పి, కళ్ళు మూసుకుని, నీళ్ళలో పడి చచ్చిన శవం వేషంలో తన ఫోటో తానే తీసుకున్నాడు. ఈ శవం బయార్‌దేననీ, డాగేర్‌కి అన్నీ ఇచ్చిన సర్కారు తనకేమీ చెయ్యలేనందనీ, అందుకే మునిగి చచ్చాడనీ వెనకాల రాసి పెట్టాడు. మొహమూ చేతులూ నల్లగా పడితే, చూశారా, కుళ్ళు మొదలైంది అని దానికీ ఒక ముక్క తగిలించాడు. శవం ఆ తర్వాత 1887 దాకా బతికింది. ఆ రోజుల్లో ఫోటో అంటే నిమిషాల తరబడి కదలకుండా ఉండాలి కనక కళ్ళు మూసుకోవడమే మంచి ఏర్పాటు. విషాదానికి విషాదం, కునుక్కి కునుకు.

నేనూ కళ్ళు మూసుకున్నాను.

దబ్బున ఏదో చప్పుడైంది. పై వాటా వాళ్ళ పిల్లలే అనుకున్నాను. ఉన్నట్టుండి, క్లిక్! ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళకి నా విషాదం పండింది అనుకుంటుండగానే మళ్ళీ క్లిక్. ఆ వెంటనే ఇంకోటి. ఇంత విషాదం నాలో ఉందా అని నాకే జాలేసింది. అంతలో సరిగ్గా నా నెత్తి మీద నుంచి ఒక గొంతు.

"ఎవరు పోయారు సార్?"

కళ్ళు తెరిచాను. తెరలో కింద నేను, శాలువా, బొట్టు. పైన, మా అత్తగారి నల్ల దుప్పటి అంచు మీద, మొండెం లేని తలకాయ ఒకటి, ముప్ఫై రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతోంది. కెమెరా చదరం నా మొహాన్ని ఎప్పుడో వదిలేసి దాని చుట్టూ బిగుసుకుంది. క్లిక్.

గ్యాసు కుర్రాడు. తలుపు దగ్గరికే వేసి ఉంటే బండ దించి లోపలికొచ్చాడట. తెరలో తన మొహం కనిపిస్తే ఎవడికైనా నవ్వు రాకుండా ఉంటుందా? అతను నవ్వితే క్లిక్, ఆ చప్పుడుకి అతనికి ఇంకా నవ్వు, దానికి మళ్ళీ క్లిక్.

"ఎవరూ పోలేదయ్యా, ఫోటో తీసుకుంటున్నా."

"అయ్యో, నవ్వితేనే తీస్తది సార్ అది! మా అక్క పెళ్ళిలో ఇట్టాంటిదే తెచ్చారు. మీరు ఏడిస్తే ఎట్టా పడతది?"

మా బావమరిది! గృహప్రవేశానికని కెమెరా పట్టుకెళ్ళి, చుట్టాలందరూ నవ్వినప్పుడే పడాలని ఆ నవ్వుల మీట వేసి, వేసినది వేసినట్టే తెచ్చి ఇచ్చాడు. పైగా "లెన్సు తుడిచి ఇస్తున్నా బావా" అన్నాడు. 2007లో కెమెరాల్లోకి వచ్చిన సదుపాయం ఇది. మనిషి ఏడిస్తే తీసే మీట మాత్రం నాకు తెలిసి ఇవాళ్టి దాకా ఎవరూ పెట్టలేదు. ఏడ్చేవాళ్ళు కెమెరాలు కొనరా?

"కోడ్ చెప్పండి సార్" అన్నాడు కుర్రాడు, నవ్వు ఆపుకుంటూ. తల వంచినవాణ్ణి వంచినట్టే ఫోన్ వెతికి చెప్పాను. బొట్టు ఇంకా అక్కడే ఉంది.

రాత్రయింది, ఇంకో ఫోటో లేదు. అతన్ని అడిగే పంపాను. ఆదివారం పొద్దున్నే న్యాయనిర్ణేత గారి సందేశం. ముందు కూర్చున్నాయనలో ఫీల్ లేదట. వెనక తలకాయలో ఉందట, నవ్వు కళ్ళ దాకా వచ్చిందట. కంటి చుట్టూ కండరం కదిలితేనే అసలు నవ్వని 1862లోనే డ్యూషెన్ అనే ఫ్రెంచి డాక్టరు ఒక ముసలాయన మొహానికి కరెంటు పెట్టి మరీ ఫోటోల్లో చూపించాడు, ఈయన కొత్తగా చెప్పేదేముంది?

చివర్లో ఒక అభ్యర్థన. "ఆ అబ్బాయి నంబరు పంపగలరా? బ్యారేజీ దగ్గర ఒక షూట్ అనుకుంటున్నాను."

నంబరే కదా అడిగారు. గ్యాసు కోడ్ పంపాను.